మూడో నంబరు సీటు

జూన్ 3, సోమవారం

పంపకాలు అయ్యాయి. చెల్లికి అమ్మ కుట్టుమిషను. తమ్ముడికి నాన్న చేతిగడియారం, డ్రైవరు టోపీ, పనిముట్ల పెట్టె. నాకేమో హాల్లో గోడకి వేలాడే ఫోటో ఫ్రేము!

అమ్మ ముందే పోయింది. నాన్న పోయి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో ఫలానాది నాకు కావాలని నేను నోరెత్తి ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టే ఇది నా చేతిలో పెట్టారు. తమ్ముడు దాన్ని పాత దుప్పట్లో చుట్టి, "జాగ్రత్తక్కా, అద్దం" అన్నాడు. అద్దమట! అద్దం వెనక ఏముందో వాడికి తెలియదా? నాన్న నడిపిన టూరిస్టు బస్సు ముందు నాన్న, అమ్మ, తమ్ముడు, చెల్లి, మెకానిక్కు, మెకానిక్కు పెళ్ళాం, ఆవిడ చంకలో ఎవరి పిల్లో, వెనక ఇంకా బోలెడు జనం. నాన్న తప్ప అందరూ ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నారు. నేను లేను. నేను లేని ఫోటో నాకు వాటా! ఎంత ముచ్చటగా ఉందో.

ఇంటికొచ్చి దుప్పటి విప్పగానే మెకానిక్కు పెళ్ళాం నన్ను చూసి నవ్వింది. మళ్ళీ చుట్టేశాను.

జూన్ 4, మంగళవారం

కోపం తగ్గలేదు. ఎందుకు తగ్గాలి?

నేను చేసిన నేరమేమిటి? ఇరవై రెండేళ్ళ వయసులో ఉద్యోగంలో చేరడం. నాన్న కంపెనీకి పోటీగా ఉన్న ఎదురు కంపెనీ బుకింగ్ కౌంటరులో కూర్చోవడం. వాళ్ళు రమ్మన్నారు, వెళ్ళాను. దొంగతనం చేయలేదు, దోపిడీ చేయలేదు. ఆ సాయంత్రం నాన్న బూట్లు విప్పుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్న మాట ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. "ఆ కంపెనీ టిక్కెట్లు రాసే చేత్తో నా బస్సు ఎక్కక్కర్లేదు."

సరే. ఎక్కలేదు.

సీజను అయిపోయాక నాన్న కంపెనీవాళ్ళు ఏటా డ్రైవర్లకీ మెకానిక్కులకీ ఒక బస్సు ఇచ్చేవాళ్ళు, ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా తిరిగి రమ్మని. ఆ బస్సు నాన్నే నడిపేవాడు. వెళ్ళిన చోట కంపెనీ ఫోటోగ్రాఫరు అందరినీ బస్సు ముందు నిలబెట్టి ఒక ఫోటో తీసేవాడు. నేను వెళ్ళిన చివరి ట్రిప్పు సముద్రం దగ్గరికి. ఫోటో బాగా వచ్చిందని నాన్న పెద్దది చేయించి, ఈ ఫ్రేము కొని, తనే మేకులు వంచి గోడకి తగిలించాడు. అందులో మా ఐదుగురమూ ఉన్నాం. ఐదుగురం కలిసి ఉన్న ఫోటో మా ఇంట్లో అదొక్కటే.

మరుసటి ఏడాది సెలవులో ఇంటికి వెళ్తే ఆ ఫ్రేములో వేరే ఫోటో. జలపాతం. నేను లేను. ఒక్క ఏడాది! ఒక్క ఏడాదికే కన్నకూతుర్ని గోడ మీంచి దింపేశాడు! నా ఫోటో ఏం చేశావని నేనడగలేదు. ఎందుకడగాలి? చించాడో, పొయ్యిలో పెట్టాడో ఆయనకే తెలియాలి. నేను మానేశాక, ఆయన రిటైరయ్యేదాకా మొత్తం పదేళ్ళు ఆ ట్రిప్పులు సాగాయి. ఒక్కసారైనా నన్ను రమ్మన్నారా? ఒక్కరైనా?

జూన్ 5, బుధవారం

మంచి ఆలోచన వచ్చింది.

పోయిన ఏడాది మా కంపెనీ నాకు సభ పెట్టి సన్మానం చేసింది. ఒకే కౌంటరులో ఇరవై ఐదేళ్ళు. మా మేనేజరు నా చేతికి జ్ఞాపిక ఇస్తున్న ఫోటో ఇన్నాళ్ళూ కవరులోనే పడి ఉంది. బాగానే వచ్చింది కానీ ఆ ఫోటోగ్రాఫరు బుర్రలేనివాడు. ముందు వరుసలో కుర్చీ మీద ఉన్న నా హ్యాండ్‌బ్యాగు కూడా పడేట్టు తీశాడు. ఆ సభకి తమ్ముడూ చెల్లీ వచ్చారు. నాన్న రాలేదు. వస్తాడని ఎవరనుకున్నారు కనక.

ఆ ఫోటో ఈ ఫ్రేములో పెట్టిస్తా. ఎదురు కంపెనీ ఫోటో నాన్న ఫ్రేములో! పైనుంచి చూడనీ.

భోజనం వేళ ఫ్రేముల షాపుకి వెళ్ళి ఇచ్చి వచ్చాను. షాపాయన వెనక అట్ట విప్పి ఏదో అడిగాడు. తలూపాను. శనివారం రమ్మన్నాడు.

జూన్ 8, శనివారం

ఫ్రేము వచ్చింది. గోడకి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. నేనూ, మా మేనేజరూ, జ్ఞాపికా. కడుపు చల్లబడింది. కాఫీ పెట్టుకుని దాని ఎదురుగానే కూర్చుని తాగాను.

తాగుతుండగా తమ్ముడి ఫోను.

"అక్కా, ఫ్రేము ఎక్కడ పెట్టావు?"

"గోడకే. నెత్తిన పెట్టుకుంటానా?"

"అది కాదక్కా. వెనక అట్ట ఉబ్బిపోయి ఉంటుంది, మేకులు కూడా వదులయ్యాయి. పదకొండు ఫోటోల బరువాయె. కాస్త చూసుకో, జారి పడతాయి."

"పదకొండేమిట్రా?"

"ఫోటోలక్కా! నాన్న పాత ఫోటో ఎప్పుడు బయటికి తీశాడు? దాని మీదే కొత్తది పెట్టి మూసేసేవాడుగా. అడుగున మన సముద్రం ఫోటో దగ్గర్నుంచి అన్నీ అందులోనే ఉన్నాయి. నీకు తెలీదూ? అందుకే కదా, ఫ్రేము నీకే ఇవ్వాలని నేనూ చెల్లీ అనుకున్నది. మేం ఏటా వెళ్ళాం, చూశాం. చూడనిది నువ్వే."

"తెలుసు, తెలుసు" అని పెట్టేశాను.

తెలియదు. ఆ ఫ్రేము జోలికి నాన్న ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. సముద్రం ఫోటో పెట్టినప్పుడు కూడా బల్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని, మాకు వీపు తిప్పి ఆ పని చేసుకున్నాడు. మొదటి ఏడాది తర్వాత ఆ పని చూడటానికి నేను ఇంట్లో లేను.

షాపాయన ఏమడిగాడో ఇప్పుడు రాస్తున్నాను. "లోపల పాత ఫోటోలు దొంతరగా ఉన్నాయమ్మా, కావాలా?" అని అడిగాడు. నేను తలూపలేదు. నోటితోనే అన్నాను. "ఉన్నవన్నీ పారేయండి" అన్నాను.

జూన్ 9, ఆదివారం

షాపు మూసి ఉంది. మూడుసార్లు వెళ్ళాను.

జూన్ 10, సోమవారం

పారేయలేదు.

"మందపాటి కాగితమమ్మా, ఎవరు పారేస్తారు?" అన్నాడు షాపాయన, నేనేదో అడగకూడనిది అడిగినట్టు. "అద్దానికీ బొమ్మకీ మధ్య సందు లేకుండా ఇలాంటివి వెనక పెడతాం. బొమ్మ కదలదు."

"మా నాన్న ఫోటోలు తీసుకెళ్ళి ఎవరి బొమ్మల వెనకో పెడతారా?"

"మీరేగా పారేయమన్నారు."

"పారేయమంటే పారేయాలి! ఊరందరి గోడలకీ తగిలించమన్నానా?"

"పారేసుంటే మీకివి ఇప్పుడు దొరికేవా?" అంటూ ఒక రేకు ట్రే నా ముందుకు తోశాడు.

అడ్డంగా వాదించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. న్యాయం వాళ్ళ వైపున్నప్పుడు మరీ మంట.

ట్రేలో తొమ్మిది ఉన్నాయి. అక్కడే నిలబడి చూశాను. జలపాతం, ఆనకట్ట, లైట్‌హౌస్, ఏదో కోట, మళ్ళీ జలపాతం. ఒక్కొక్క దాంట్లో అమ్మ జుట్టు కాస్త తెల్లబడింది, తమ్ముడు కాస్త పొడుగయ్యాడు, చెల్లికి కళ్ళజోడు వచ్చింది. నాన్నకి మాత్రం అదే టోపీ, అదే బిగుసుకుపోయిన మొహం. తొమ్మిదింటిలోనూ నేను లేను. నేను లేకుండా తొమ్మిదిసార్లు ఎంత హాయిగా నవ్వారో! సముద్రం ఫోటో లేదు.

రెండు వాడేశాడట. ఒకటి రిటైరైన హెడ్మాస్టరుగారి సర్టిఫికెట్టు వెనక. ఇంకొకటి పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కులో దవడ బొమ్మ వెనక. ఏది ఎక్కడ పెట్టాడో గుర్తులేదట. గుర్తెలా ఉంటుంది, ఆయన నాన్న కాదుగా! ఇద్దరి అడ్రసులూ రాయించుకున్నాను.

జూన్ 11, మంగళవారం

కౌంటరు దగ్గర ఒకాయన కిటికీ పక్క సీటు లేదంటే మొహం మాడ్చుకున్నాడు. "కిటికీ పక్కన కూర్చోకపోతే ప్రాణం పోతుందా?" అన్నాను. మేనేజరు లోపలికి పిలిచి మందలించాడు. జ్ఞాపిక ఇచ్చిన చేత్తోనే.

నాన్న బస్సులో నేను మాత్రం మూడో నంబరు తప్ప ఇంకెక్కడా కూర్చునేదాన్ని కాదు. నాన్న వెనకే, కిటికీ పక్కన. ఇంకెవరైనా కూర్చుంటే బస్సు కదలనిచ్చేదాన్ని కాదు.

జూన్ 12, బుధవారం

హెడ్మాస్టరుగారు తలుపు సగమే తీశారు. సంగతంతా చెప్పాను.

"అంటే నా ఉత్తమ ఉపాధ్యాయుడి సర్టిఫికెట్టు విప్పమంటారు."

"దాని వెనక మా ఫోటో ఉందండీ."

"అది అసలైన సర్టిఫికెట్టేనమ్మా."

"కాదని నేనన్నానా?"

"విప్పి చూడాలంటే అర్థం అదే కదా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీ సర్టిఫికెట్టు నాకెందుకండీ, కావాలంటే కళ్ళు మూసుకుంటా, మీరే విప్పండి!" అన్నాను. ఆయన నన్ను కాసేపు, ఆలస్యంగా వచ్చిన పిల్లని చూసినట్టు చూశారు. చివరికి కుర్చీ ఎక్కి తనే దింపారు. నన్ను వేలు పెట్టనివ్వలేదు. చాకుతో ఒక్కొక్క మేకే లేపారు, గుక్క తిప్పుకుంటూ.

గుహలు. సముద్రం కాదు. మెకానిక్కు పెళ్ళాం ఇక్కడా నవ్వుతోంది. నా ప్రాణం ఉసూరుమంది.

థాంక్స్ చెప్పి తీసుకోబోతే ఆయన వదల్లేదు. జీవితమంతా కాగితాలు రెండు వైపులా తిప్పి చూసిన మనిషి. దాన్నీ తిప్పారు. కళ్ళజోడు సర్దుకుని, క్లాసులో చదివినట్టు పైకి చదివారు.

"గుహలు. నూట ఎనభై కిలోమీటర్లు. నలభై ఒక్క మంది. స్టూలు మీద ఇంకొకరు. మూడో సీటు ఖాళీ." చదివి నా వైపు చూశారు. "ఇదేం లెక్కమ్మా? సీటు ఖాళీగా ఉంటే ఆ ఒకరు స్టూలు మీదెందుకు కూర్చున్నట్టు?"

ఇరవై ఆరేళ్ళుగా సీట్లు రాస్తున్నదాన్ని. సీటు లేని మనిషి బస్సులో ఉండగా సీటు ఖాళీగా ఉండదు. ఎవరో ఆపి పెడితే తప్ప.

ఆయన మంచినీళ్ళు ఇచ్చారు. తాగానో లేదో గుర్తులేదు.

జూన్ 13, గురువారం

సెలవు పెట్టాను. ట్రేలో దొరికిన తొమ్మిదీ నేల మీద పరిచి బోర్లించాను. అన్నీ నాన్న చేతిరాతే. ట్రిప్పు షీటు మీద రాసినట్టే.

జలపాతం. 96 కి.మీ. 41 మంది. 3 ఖాళీ.

ఆనకట్ట. 212 కి.మీ. 41 మంది. వాన. 3 ఖాళీ.

లైట్‌హౌస్. 150 కి.మీ. 41 మంది. టైరు మార్చాం. 3 ఖాళీ.

చాలు. తొమ్మిదీ ఇంతే. నిన్నటిదానితో పది.

ఎవరు చదవాలని రాశావు నాన్నా? ఫోటో వెనక రాసి, గోడ వైపు తిప్పి, దాని మీద ఇంకోటి పెట్టి, మేకులు వంచేస్తే ఎవరికి తెలుస్తుంది? నీకు నోరు లేదా? ఎవడైనా అడ్డొస్తే అరకిలోమీటరు వినపడేలా తిట్టేవాడివి, "రావే" అన్న రెండక్షరాలు నీ గొంతు దాటలేదా? పదేళ్ళు! పదేళ్ళు సీటు ఆపిపెట్టావు, ఆ సంగతి సీటుకి తప్ప ఎవరికీ చెప్పలేదు! ఇలాంటి తండ్రి ఎక్కడైనా ఉంటాడా? మొండిఘటం. మొండిఘటానికి పుట్టిన...

చెల్లికి ఫోను చేశాను. మూడో సీటు సంగతి గుర్తుందా అని.

"ఆ సీటా? నాన్న తన కోటూ భోజనం డబ్బా పెట్టుకునేవాడక్కా. మెకానిక్కు అత్తగారు కూర్చోబోతే 'అది బుక్కయింది' అన్నాడు. పాపం, ఆవిడ గుహల దాకా నడవలో స్టూలు మీదే వచ్చింది. సామాన్లంటే ఆయనకంత పిచ్చి అనుకుని మేం ఒకటే నవ్వు" అంది. ఆగి, "అయినా అమ్మ నీకు ఏటా ఫోను చేసేదిగా. నువ్వేగా రానన్నది?" అంది.

పొయ్యి మీద పాలున్నాయని చెప్పి పెట్టేశాను. పాలు లేవు.

చేసేది. ఏటా చేసేది. "ఫలానా తారీఖున బయల్దేరుతున్నామే" అనేది. "నాన్న రమ్మన్నాడా?" అనేదాన్ని. "ఆయన నోరు తెరిచి పిలవగా ఎప్పుడు చూశావే?" అనేది. "అయితే రాను." పదేళ్ళూ అదే మాట. అమ్మ ఆ ఫోను ఎవరు పక్కన నిలబడి ఉండగా చేసేదో ఒక్కసారైనా అడగలేదు.

నాలుగో తారీఖున రాసింది కొట్టేయాలి. కొట్టేయను. ఉండనీ, సిగ్గు రానీ.

జూన్ 14, శుక్రవారం

పళ్ళ క్లినిక్కు. కౌంటరులో అమ్మాయి తలెత్తకుండానే, "అపాయింట్‌మెంటు ఉందాండీ?" అంది.

"నాకు పంటినొప్పి లేదమ్మా. గోడ మీది ఆ బొమ్మ ఒక్కసారి విప్పాలి."

"ఏ పనికైనా అపాయింట్‌మెంటేనండీ. వరసలో రావాలి."

"అయిదు నిమిషాల పని!"

"అందరూ అదే అంటారండీ."

అదే గొంతు. పెన్నుతో కౌంటరు మీద టకటకా కొట్టడం కూడా అదే. ఇరవై ఆరేళ్ళుగా నేను జనానికి చేస్తున్నది ఇదా! వాళ్ళెవరూ నన్ను కొట్టలేదంటే ఎంత మంచివాళ్ళో.

సోమవారానికి రాయించుకుని వచ్చాను.

జూన్ 16, ఆదివారం

తమ్ముడి లెక్క తప్పయితే? ఆ దవడ బొమ్మ వెనక ఉన్నది సముద్రం కాకపోతే? వాడికి లెక్కలు ఎప్పుడొచ్చాయి కనక.

జూన్ 17, సోమవారం

డాక్టరమ్మ నా మాట వినకుండానే "నోరు తెరవండి" అంది.

"బొమ్మ కోసం వచ్చానండీ."

"కుడివైపు కింది పన్ను పూర్తిగా పుచ్చిపోయింది. ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నారు?"

"ముందు ఆ బొమ్మ దింపించండి."

"ముందు పన్ను. మీ పన్ను అయ్యేసరికి మా అమ్మాయి బొమ్మ దింపి ఉంచుతుంది. సరేనా?"

ఇదెక్కడి న్యాయం! నా ఫోటో నేను తెచ్చుకోవడానికి పన్ను పీకించుకోవాలా? అడుగుదామనుకునేలోపే మత్తుసూది పొడిచింది. పీకించుకున్నాను.

లేచేసరికి నోటినిండా దూది, సగం మొహం నాది కాదు. కౌంటరమ్మాయి బల్ల మీద దవడ బొమ్మ బోర్లించి, స్పూను కాడతో మేకులు లేపుతోంది. అట్ట తీసింది.

సముద్రం.

ఐదుగురమూ ఉన్నాం. అమ్మ జుట్టు గాలికి నా మొహం మీద పడుతుంటే నేను విసుక్కుంటూ తోసేస్తున్నాను. తమ్ముడు నా భుజం దాకా కూడా లేడు. చెల్లికి ఇంకా కళ్ళజోడు రాలేదు. నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నవ్వుతున్నాడు. పళ్ళు కనబడేలా నవ్వుతున్నాడు. తర్వాత పదింటిలో ఎక్కడా లేని నవ్వు.

"ఇందులో మీరెవరండీ?" అంది డాక్టరమ్మ.

చెప్పబోయాను. మాట రాలేదు. నా జన్మలో మొదటిసారి నాకు మాట రాలేదు. వేలు పెట్టి చూపించాను.

తిప్పాను. సముద్రం. 240 కి.మీ. 42 మంది. ఖాళీ లేదు.

అక్కడే కూర్చుని ఏడ్చాను. నొప్పేమోనని డాక్టరమ్మ మాత్ర ఇచ్చింది.

జూన్ 18, మంగళవారం

నాన్న పట్టకారు తీసుకుని రమ్మని తమ్ముడికి చెప్పాను. వచ్చాడు. ఉబ్బిన దవడతో చెప్పగలిగినంత చెప్పాను. "పారేయమన్నావా!" అని తల పట్టుకున్నాడు. "తిట్టు, తిట్టు" అన్నాను. తిట్టలేదు. నాకు ఇంకా కోపమొచ్చింది.

ఫ్రేము బల్ల మీద బోర్లించి విప్పాం. పదకొండూ వరసలో పేర్చాను.

"సముద్రం ఫోటో పైన పెట్టకూడదా అక్కా? నువ్వున్నది అదొక్కటేగా" అన్నాడు.

"వద్దు. నాన్న ఎలా పెట్టాడో అలాగే."

"మరి ఇదీ?" సన్మానం ఫోటో చేతిలో పట్టుకుని అడిగాడు.

"కొత్తది పైకే రావాలిగా."

వాడు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. "అన్నట్టు ఆ రోజు ముందు వరుసలో కుర్చీ మీద నీ బ్యాగు తీసి కూర్చోబోతే నామీద విరుచుకుపడ్డావు, గుర్తుందా? సభంతా గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎవరికోసం ఆపావక్కా ఆ కుర్చీ?"

నేను ఫోటోల అంచులు సరిచేశాను.

"నాన్నని పిలిచావా?"

"లేదు."

వాడు పట్టకారు అందుకుని మేకులు సరిచేస్తూ కూర్చున్నాడు. నేను ఫోటో బోర్లించి, పెన్ను తీసుకుని, వెనక రాశాను.

బుకింగ్ కౌంటరు. 25 ఏళ్ళు. 60 మంది. తమ్ముడు నిలబడ్డాడు. ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీ.